నడుం ఆపరేషన్ అయ్యాక కూడా కాలు గుంజుతుంటే: రెండు ఛానెళ్ల టెన్స్ మెషిన్ రివ్యూ

డిస్క్ ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది, అయినా పిర్రలో మొదలై పిక్క దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోందని చెప్పి చూడండి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా సర్జికల్ షాపు కౌంటర్ మీదికి ముందు నడుం బెల్ట్ వస్తుంది. దాని వెనకే రబ్బరు వేడినీళ్ల సంచి వస్తుంది. ఆ రెండూ ఇంట్లో ఉన్నాయంటే అప్పుడు లోపలి అరలోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీస్తారు. తెరిస్తే అరచేతిలో పట్టే మెషిన్, దాని నెత్తిన రెండు నాబులు, రెండు జతల తీగలు, నాలుగు ప్యాడ్లు, 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి. "నొప్పున్న కాడ పెట్టుకోండ్రి, సాలు" అని సంచిలో వేసి ఇస్తారు. ఈ రివ్యూ ఆ పెట్టె గురించే: టెన్స్, అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నని కరెంటు దెబ్బలతో నొప్పిని మరిపించే మెషిన్.

మా మాట ముందే చెప్తాం. ఇది మందు కాదు. నరాన్ని బాగుచేయదు, జారిన డిస్క్‌ను వెనక్కి నెట్టదు, ఆపరేషన్ చోట కట్టిన మచ్చ కణజాలాన్ని కరిగించదు. కాలిలోకి దిగే నొప్పిని అరగంటో, గంటో, అదృష్టం బాగుంటే రెండు మూడు గంటలో పక్కకు నెట్టే పనిముట్టు. ఆ గంటను నడకకు, స్నానానికి, నిద్రపట్టడానికి వాడుకునేవాళ్లకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. తీగలు పెట్టుకుని మంచం మీద పడుకుంటే జబ్బే పోతుందని చూసేవాళ్లకు మాత్రం నెల తిరక్కుండా అటకెక్కే వస్తువు. అయిదుకు మూడు మార్కులు వేస్తున్నాం. పోయిన రెంటిలో ఒకటి ప్యాడ్ల నాణ్యతకు, ఇంకోటి పెట్టెలో పెట్టే కాగితానికి. ఆ కాగితంలో బొమ్మలు ఉంటాయి, ఇంగ్లీషు ఉంటుంది, ఆపరేషన్ అయిన మనిషికి కావలసిన ముక్క ఒక్కటీ ఉండదు.

పేరు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. రెండు ఛానెళ్లు, ఒక్కో ఛానెల్‌కు రెండు ప్యాడ్లు. ముందువైపు మూత జరిపితే మూడు సర్దుబాట్లు కనిపిస్తాయి. ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్ని దెబ్బలు అన్నది, సాధారణంగా 2 నుంచి 150 దాకా ఉంటుంది. పల్స్ వెడల్పు, అంటే ఒక్కో దెబ్బ ఎంతసేపు అన్నది, 50 నుంచి 250 మైక్రోసెకన్ల దాకా. మూడోది మోడ్: మామూలు, బర్స్ట్ (దెబ్బలు గుంపులు గుంపులుగా వచ్చేది), మాడ్యులేషన్ (దెబ్బల తీరు దానంతటదే మారుతూ ఉండేది). నెత్తి మీది నాబులు కరెంటు ఎంత రావాలో చూస్తాయి. డిజిటల్ స్క్రీన్ ఉన్నవి కూడా దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి. అయినా పెద్దవాళ్లకు నాబుల మెషినే నయం. చత్వారం ఉన్న కళ్లతో చిన్న బటన్లు పదిసార్లు నొక్కడం కంటే వేలితో నాబు కొంచెం తిప్పడం సులువు, పొరపాటున ఎక్కువైనా ఒక్క తిప్పుతో సున్నాకు తేవచ్చు.

కొనేచోట జరిగే మొదటి పొరపాటు టెన్స్ అడిగితే ఈఎంఎస్ ఇవ్వడం. రెండూ ప్యాడ్లతోనే పనిచేస్తాయి, పెట్టెలూ ఒకేలా ఉంటాయి. ఈఎంఎస్ కండరాన్ని ముడుచుకునేట్టు చేస్తుంది, టెన్స్ స్పర్శ నరాలను తట్టిలేపుతుంది. ఆపరేషన్ అయిన నడుం కండరాలను ఈఎంఎస్‌తో గుంజించడం ఎవరికివాళ్లు ఇంట్లో చేసుకునే పని కాదు. పాదాలు పెట్టుకుని కూర్చునే చాపలాంటివి అమ్ముతున్నారు చూడండి, అవి ఎక్కువగా ఈ ఈఎంఎస్ రకమే. డబ్బా మీద టెన్స్ అన్న మాట ఉందా, ఫ్రీక్వెన్సీ, పల్స్ వెడల్పు రెండూ విడివిడిగా మార్చుకోవచ్చా, ఈ రెండూ చూసి కొనండి. "ప్రోగ్రాం 1, ప్రోగ్రాం 2" అని మాత్రమే ఉండి లోపల ఏముందో చెప్పని మెషిన్‌ను అక్కడే వదిలేయండి.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పెట్టాలో దానంతటదే అర్థమవుతుంది. మోకాలికి దెబ్బ తగిలితే మనం చేసే మొదటి పని అరచేత్తో రుద్దడం. రుద్దితే తగ్గినట్టుంటుంది, ఎందుకంటే స్పర్శను మోసే లావు నరపు తీగలు వెన్నుపాములో నొప్పి తీగల సందేశానికి అడ్డు తగులుతాయి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం సారం ఇదే. టెన్స్ అనేది కరెంటుతో చేసే రుద్దుడు, అంతే. కాబట్టి ప్యాడ్ పెట్టిన చోట స్పర్శ ఉండాలి. మొద్దుబారిన పాదం మీద ప్యాడ్ అంటించి నాబు చివరి దాకా తిప్పినా గేటు పడదు, చర్మం మాత్రం కాలుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయో దాచడం ఎందుకు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి, కాలిలోకి దిగే సయాటికాకు టెన్స్ ఇవ్వొద్దని రాసింది. 2022లో 381 పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, మెషిన్ పెట్టుకున్నంతసేపూ, తీసిన వెంటనే నొప్పి తీవ్రత తగ్గుతుందని తేల్చింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుందా అని అడిగితే ఆపదు. ఈ పూట కాస్త ఊపిరి తీసుకోనిస్తుందా అంటే, కొందరికి ఇస్తుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో తెలుసుకోవడానికి కొనక్కర్లేదు. దగ్గర్లోని ఫిజియోథెరపీ సెంటర్‌లో నాలుగైదు సిట్టింగులు పెట్టించుకుని, ప్రతిసారీ ముందు, తర్వాత నొప్పికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాయండి. రెండు మార్కులైనా తగ్గుతుంటే కొనొచ్చు. అర మార్కు, ఒక మార్కు దగ్గరే ఆడుతుంటే ఆ డబ్బు మంచి పరుపుకో, బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్‌కో పెట్టడం మేలు.

అసలు ఆ నొప్పి నరానిదేనా అన్నది ముందు చూసుకోవాలి. నరం నొప్పికి ఒక దారి ఉంటుంది. ఎల్4, ఎల్5, ఎస్1 అన్నవి వెన్ను కింది భాగంలోంచి కాలికి దిగే నరాల పేర్లు. ఎల్5 నరమైతే పిర్ర, తొడ బయటివైపు, పిక్క బయటివైపు దిగి పాదం పైభాగం మీదుగా బొటనవేలికి పోతుంది. ఎస్1 అయితే తొడ వెనక, పిక్క వెనక, మడమ, చిటికెనవేలి అంచు. ఎల్4 అయితే మోకాలి ముందునుంచి కాలి లోపలివైపు. వేలితో ఆ దారి గీసి చూపించగలిగితే, మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, షాక్ కొట్టినట్టు అన్న మాటలు దానంతటవే వస్తుంటే అది నరానిది. నడుం మొత్తం బరువుగా, పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉండి కాలిలోకి దిగకపోతే అది ఎక్కువగా కండరాలది, కీళ్లది. దానికి టెన్స్ కంటే వేడి కాపడం, మెల్లగా కదలడం బాగా పనిచేస్తాయి.

ఆపరేషన్ తర్వాత నరం నొప్పి తిరిగి రావడానికి కారణాలు ఒక్కటి కాదు. అదే చోట డిస్క్ ముక్క మళ్లీ జారవచ్చు. నరం చుట్టూ మచ్చ కణజాలం కట్టి దాన్ని కదలనీయకపోవచ్చు. పై పూస దగ్గర గానీ కింది పూస దగ్గర గానీ నరం పోయే సందు ఇరుకై ఉండవచ్చు. ఆపరేషన్‌కు ముందే నెలల తరబడి నలిగిన నరం కోలుకోకపోవచ్చు. మొదటి రెంటినీ విడదీసి చూడాలంటే గాడోలినియం ఇంజెక్షన్ ఇచ్చి తీసే ఎంఆర్‌ఐ కావాలి, మామూలు ఎక్స్‌రేలో తెలియదు. టెన్స్ అమ్మే మనిషికి ఇవేవీ తెలియనక్కర్లేదు. కొనే మనిషికి మాత్రం తన నొప్పికి కారణం ఏదో డాక్టర్ నోటి నుంచి ఒక్కసారైనా విని ఉండాలి.

ఇక ప్యాడ్ల సంగతి. రాసేటప్పుడు మేం ఎక్కువసేపు ఆగింది ఇక్కడే, ఎందుకంటే నూటికి తొంభై మంది చేసే తప్పులూ ఇక్కడే ఉంటాయి.

ఒక ఛానెల్‌లోని రెండు ప్యాడ్లూ ఒంటికి అంటుకుని ఉంటేనే కరెంటు తిరుగుతుంది. చాలామంది ఒక ప్యాడ్ ఎడమ తీగ నుంచి, ఇంకోటి కుడి తీగ నుంచి తీసి అంటించుకుని "ఏం రావట్లేదు" అంటారు. మెషిన్ పాడు కాలేదు, జత తప్పింది. కొన్న రోజే ఒక జత తీగలకు రెండు చివర్లా ఎర్ర దారం కట్టేయండి, ఈ గొడవ మళ్లీ ఉండదు.

మొదటి ఛానెల్ నడుముకు. ఆపరేషన్ మచ్చ మీద కాదు, వెన్నెముక ఎముక మీదా కాదు. మచ్చకు అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు దూరంలో కండ ఉన్నచోట ఒక్కో ప్యాడ్. కుట్లు విప్పి, గాయం పూర్తిగా ఆరి, సర్జన్ సరే అన్నాకే ఇది. రెండో ఛానెల్ కాలికి. నొప్పి దారిలో పైన ఒకటి, కింద ఒకటి. ఎల్5 అయితే ఒకటి పిర్ర మధ్యలో, రెండోది మోకాలి బయటివైపు ఎముక గుబ్బకు కింద నాలుగు వేళ్ల దూరంలో. ఎస్1 అయితే రెండోది పిక్క వెనక కండ మీద. ప్యాడ్ల మధ్య కనీసం ఒక ప్యాడ్ వెడల్పు ఖాళీ ఉండాలి. అంతకంటే దగ్గరైతే కరెంటు పైపైనే పోయి చర్మం చురుక్కుమంటుంది తప్ప లోపలికి దిగదు.

అంటించే ముందు ఒక పరీక్ష. కళ్లు మూసుకుని ఇంట్లో ఎవరితోనైనా దూదితో ఒకసారి, అగ్గిపుల్ల మొనతో ఒకసారి ఆ చోట తాకించుకోండి. ఏది దూదో ఏది పుల్లో తేడా చెప్పలేకపోతే అక్కడ ప్యాడ్ పెట్టకూడదు, దారిలో పైకి జరగాలి. దీనికి తలకిందుల సమస్య కూడా ఉంటుంది. కొందరికి ప్యాంటు గుడ్డ తగిలినా మంటగా ఉంటుంది, దుప్పటి కప్పుకోలేరు. అలాంటిచోటా ప్యాడ్ వద్దు, ఆ మంట మొదలయ్యే హద్దుకు పైన, బాగున్న చర్మం మీద పెట్టాలి.

సెట్టింగుకొస్తే, మామూలు మోడ్, ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100, వెడల్పు 100 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. నాబు మెల్లగా తిప్పుతూ పోతే ముందు చీమలు పాకినట్టు, తర్వాత గట్టిగా జుమ్మంటుంది. గట్టిగా ఉండాలి, బాధగా ఉండకూడదు, కండరం ఎగరకూడదు. అక్కడ ఆపాలి. అయిదు పది నిమిషాల్లో ఒళ్లు అలవాటుపడి జుమ్మనడం తగ్గినట్టనిపిస్తుంది. అప్పుడు ఇంకొంచెం పెంచుకోవచ్చు. చాలామంది భయంతో "ఏదో కొంచెం తెలుస్తోంది" అన్న దగ్గరే ఆపేస్తారు, అలా పెట్టుకుంటే పెట్టుకోనట్టే. 30 నుంచి 45 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు.

రెండో పద్ధతి ఉంది. ఫ్రీక్వెన్సీ 2 నుంచి 4, వెడల్పు 200 దగ్గర, కండరం టక్ టక్‌మని ఎగిరేంత కరెంటు, 20 నిమిషాలు. దీంతో ఒంట్లో పుట్టే నొప్పి నివారక రసాయనాలు ఊరతాయి, ప్రభావం కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. కానీ నడుం కండరాలు ఎగరడం ఆపరేషన్ అయినవాళ్లకు ఇబ్బంది కాబట్టి దీన్ని పిక్క మీద మాత్రమే, అదీ ఫిజియో చూపించాకే వాడాలి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ మాత్రలు చాలా రోజులుగా వేసుకుంటున్నవాళ్లకు ఈ పద్ధతి అంతగా పట్టదు, ఎందుకంటే అదీ ఇదీ తట్టేది ఒకే తలుపును.

రోజూ ఒకే సెట్టింగుతో వాడితే వారం పది రోజుల్లో "మొదట్లో పనిచేసింది, ఇప్పుడు లేదు" అన్న మాట వస్తుంది. మెషిన్ బలహీనపడలేదు, ఒళ్లు పాతబడింది. మాడ్యులేషన్ మోడ్ పెట్టుకోవడం, ఒకరోజు 80 మరోరోజు 110 మార్చుకోవడం, వారానికి ఒకటి రెండు రోజులు పూర్తిగా మానేయడం దీనికి మందు.

పాడయ్యేవి ఏవి, ఎందుకు పాడవుతాయి? మెషిన్ అరుదుగా పోతుంది. ముందు పోయేవి ప్యాడ్లు, తర్వాత తీగలు. మన ఎండాకాలం ప్యాడ్లకు శత్రువు. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటినప్పుడు నడుముకు అంటించిన ప్యాడ్ పది నిమిషాల్లో చెమటకు ఒక అంచు లేచి వేలాడుతుంది. అప్పుడే చురుక్కున సూదులు గుచ్చినట్టవుతుంది. మెషిన్ ఇచ్చే కరెంటు తగ్గదు కదా, అంతా మిగిలిన చిన్న ముక్కలోంచే దూరుతుంది, అందుకని. లేచిన ప్యాడ్‌ను మెషిన్ ఆన్‌లో ఉండగా వేలితో నొక్కకండి, నాబు సున్నాకు తెచ్చాకే సర్దండి. స్నానం చేసి, తువ్వాలుతో తుడుచుకుని, చెమట ఆరాక ఫ్యాను కింద కూర్చుని పెట్టుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది. ఒంటికి కొబ్బరినూనె, బామ్, నొప్పి ఆయింట్‌మెంటు రాసి ఉంటే ఏ ప్యాడూ అంటదు. ఆయింట్‌మెంటు రాసినచోట ప్యాడ్ పెడితే మంట రెట్టింపు కూడా. మిరపకాయ ఘాటు పదార్థంతో చేసే క్యాప్సైసిన్ క్రీము అయితే ఆ చోట ప్యాడ్ అసలే వద్దు.

ప్యాడ్‌ను దగ్గరగా చూడండి. కొత్తగా ఉన్నప్పుడు జిగురు మెరుస్తూ, వేలు పెడితే లాగినట్టు ఉంటుంది. పది పదిహేనుసార్లు వాడాక దాని మీద తెల్లటి పొడిలాంటి పొర, అక్కడక్కడ వెంట్రుకలు కనిపిస్తాయి. ఆ పొడి మన చర్మమే. తీసిన వెంటనే వేలి కొసతో ఒకే ఒక్క చుక్క నీళ్లు జిగురు మీద పులిమి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, దానితో వచ్చిన ప్లాస్టిక్ కాగితం మీద అంటించి, జిప్ కవర్‌లో పెట్టండి. స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిస్తే జిగురు ఆ రోజే చస్తుంది. తీసేటప్పుడు అంచు పట్టుకుని తీయాలి. తీగ పట్టుకుని గుంజితే లోపలి వెంట్రుకంత సన్నని తీగలు తెగుతాయి, బయటికి ఏమీ కనిపించదు. జాగ్రత్తగా ఉంటే ఒక సెట్ ఇరవై ముప్పైసార్లు వస్తుంది. ఈ లెక్కన నెలకు రెండు మూడు సెట్లు పడతాయి, ఏడాది తిరిగేసరికి మెషిన్ ధర కంటే ప్యాడ్ల ఖర్చే ఎక్కువ తేలుతుంది. కొనేముందు మెషిన్ ధర అడిగి ఊరుకోకండి, విడి ప్యాడ్లు ఎంత, ఎప్పుడూ దొరుకుతాయా అని అడగండి.

కొన్ని పెట్టెల్లో జిగురు ప్యాడ్లకు బదులు నల్లని రబ్బరు ప్యాడ్లు వస్తాయి. చౌక, ఏళ్లతరబడి ఉంటాయి. కానీ వాటికి జెల్ పూయాలి, టేపుతో అతికించాలి. జెల్ లేకుండా పెట్టుకుని చర్మం ఎర్రగా పొంగించుకున్నవాళ్లు తక్కువేం కాదు. దీనికి కరెంటును పోనిచ్చే ఎలక్ట్రోడ్ జెల్ వాడాలి. ఇంట్లో ఇంకొకరు సాయం ఉంటే ఎండాకాలం నాలుగు నెలలూ రబ్బరు ప్యాడ్లే నయం అని మా అభిప్రాయం.

ఒక ఛానెల్ పనిచేయకపోతే రిపేరుకు పరుగెత్తే ముందు తీగలు మార్చి చూడండి. తీగ మార్చగానే ఆ ఛానెల్ పనిచేస్తే తీగ పోయినట్టు. తీగ ఎక్కువగా పిన్ను మొదట్లో, మడత పడేచోట తెగుతుంది. బ్యాటరీ గురించి ఇంకో మాట. చవక జింక్ కార్బన్ బ్యాటరీ తొందరగా నీరసపడుతుంది, జుమ్మనడం తగ్గుతుంది, మనం నాబు పెంచుతూ పోతాం, 3 దగ్గర ఉండాల్సింది 7 దాకా వస్తుంది. ఆ నాబు అక్కడే వదిలేసి కొత్త బ్యాటరీ వేసి ఆన్ చేస్తే ఒక్కసారిగా ఎగిరిపడతారు. ఆపరేషన్ నడుముతో అలా ఎగరడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నాబు సున్నా, తర్వాతే బ్యాటరీ. ఆల్కలైన్ గానీ ఛార్జింగ్ రకం గానీ వాడితే ఈ ఎత్తుపల్లాలు తక్కువ.

నొప్పి తగ్గిన ఆ గంటలో ఏం చేయాలి? నడవాలి. నొప్పి ఎన్ని నిమిషాలకు మొదలవుతుందో చూసుకోండి. పది నిమిషాలకైతే ఏడు నిమిషాలకే ఆగండి, రోజుకు మూడు నాలుగుసార్లు. మూడు నాలుగు రోజులకొక నిమిషం చొప్పున పెంచండి. బాగున్న రోజు అరగంట నడిచేసి తర్వాత రెండు రోజులు మంచం పట్టడం అన్నది ఈ నొప్పి ఉన్నవాళ్లందరూ చేసే పనే, మెషిన్ చేతికొచ్చాక ఇంకా ఎక్కువ చేస్తారు. నొప్పి తెలియడం లేదంటే నరానికి ఒత్తిడి లేదని కాదు. తీగలు పెట్టుకుని వరి మూటలు ఎత్తడం, నాట్లకు వంగడం, ట్రాక్టర్ నడపడం వద్దే వద్దు. బైకు, కారు నడిపేటప్పుడు కూడా మెషిన్ ఆఫ్‌లో ఉండాలి. బస్సులో కూర్చుని పెట్టుకోవచ్చు. హైదరాబాద్ చూపింపుకు నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దాకా కూర్చోవాలి, కూర్చోవడమే ఈ నొప్పికి పెద్ద గండం. వెనక చక్రాల మీది సీట్లు వదిలి ముందు సీటు అడగండి, నడుం వెనక తువ్వాలు చుట్టిపెట్టండి, నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో బస్సు ఆగితే దిగి నాలుగడుగులు వేయండి.

నొప్పి ఎటు జరుగుతోందో కూడా గమనించాలి. పాదంలో ఉన్నది మోకాలి దాకా, మోకాలిది పిర్ర దాకా వెనక్కి వస్తుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి గుర్తు. పిర్రలో ఉన్నది రోజురోజుకూ పాదంలోకి దిగుతుంటే మెషిన్ ఎంత హాయిగా ఉన్నా డాక్టర్‌ను కలవాలి.

మన నల్లగొండ జిల్లా మాట ఒకటి వేరే చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్లతరబడి బోరు నీళ్లు తాగినవాళ్లలో ఎముకల ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు, ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఇక్కడి బోర్లలో ఎన్నో దాన్ని దాటాయి. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఫ్లోరోసిస్‌లో వెన్నెముక చుట్టూ ఉండే పట్టీలు సున్నం పట్టి గట్టిపడతాయి, వెన్నుపాము పోయే గొట్టం ఇరుకవుతుంది. నడుం దగ్గర ఆపరేషన్ చేసి ఒకచోట వదులు చేసినా మెడలో, వీపులో నొక్కుడు మిగిలి ఉండవచ్చు. అలాంటప్పుడు కనిపించేది ఒక కాలి నొప్పి కాదు. రెండు కాళ్లూ కట్టెల్లా బిగుసుకోవడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం. ఇవి ఉంటే టెన్స్ మాట పక్కనపెట్టి మెడ నుంచి నడుం దాకా మొత్తం వెన్ను ఎంఆర్‌ఐ గురించి న్యూరో డాక్టర్‌ను అడగండి.

ఇంకా కొందరికి ఈ మెషిన్ వద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, వెన్నులో నొప్పి కోసం స్టిమ్యులేటర్ అమర్చినవాళ్లకు వద్దు. గర్భిణులు నడుముకు, పొట్టకు పెట్టుకోకూడదు. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, మెడ ముందు భాగంలో, పుండు ఉన్న చర్మం మీద ఎవరూ పెట్టకూడదు. మంచం మీద ఎక్కువ రోజులున్నాక ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు, దాన్ని టెన్స్‌తోనో మాలిష్‌తోనో ముట్టుకోకుండా ఆసుపత్రికి పోవాలి. స్క్రూలు, రాడ్లు వేసినవాళ్లకు చర్మం మీది టెన్స్ కుదరదన్న నియమమేమీ లేదు, సర్జన్‌ను ఒకమాట అడిగి వాడుకోవచ్చు. ఫిజియో సెంటర్‌లో పెట్టే షార్ట్‌వేవ్ డయాథర్మీ మాత్రం వేరు. అది లోపలి లోహాన్ని వేడెక్కిస్తుంది, ఒంట్లో స్క్రూలున్నాయని నోరు తెరిచి చెప్పాలి.

మూత్రం రావడం ఆగినా, వచ్చేది తెలియకపోయినా, సైకిల్ సీటు తగిలేచోట మొద్దుబారినా, పాదం పైకి లేవక నేల మీద రాసుకుంటున్నా, జ్వరంతో ఆపరేషన్ చోట చీము కారినా అది ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రి పని.

కౌంటర్ మీది మిగతా సరుకు గురించి క్లుప్తంగా. బెల్ట్ ఆపరేషన్ కొత్తలో సర్జన్ చెప్పినన్ని వారాలకే, నరం నొప్పికి అది చేసేదేమీ లేదు, రోజంతా బిగించుకుంటే కండరాలు సోమరిపోతులవుతాయి. వేడినీళ్ల సంచి నడుముకు బాగుంటుంది, మొద్దుబారిన కాలికి మాత్రం పెట్టకండి, బొబ్బ లేచినా తెలియదు. గాలి నింపి నడుమును సాగదీసే బెల్ట్‌కు పెట్టే డబ్బు వృథా. నరం నొప్పికి వాడే ప్రిగాబలిన్ మాత్రలు అక్కడ అడిగినా చీటీ లేకుండా కొనకండి. కళ్లు తిరగడం, మత్తు, కాళ్ల వాపు వస్తాయి, కిడ్నీ సరిగా లేనివాళ్లకు మోతాదు తగ్గించాలి. టెన్స్ పనిచేస్తోంది కదా అని ఆ మాత్రలను ఉన్నట్టుండి మానేయడమూ తప్పే, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా దించాలి. ఇక ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకోవడం ఊళ్లలో ఇంకా ఉంది. ఆపరేషన్ కానివాళ్ల సంగతి వాళ్ల ఇష్టం, కోత పడిన నడుమును ఎవరి కాలి కిందా పెట్టకండి.

కొనేటప్పుడు షాపులోనే బ్యాటరీ వేయించి, రెండు ఛానెళ్లూ ముంజేతి మీద పెట్టించుకుని చూడండి. నాబు 1 నుంచి 3 దాకా పోతుంటే కరెంటు మెల్లగా పెరగాలి. ఒక్కసారిగా ఎగిరితే ఆ నాబు లోపలి భాగం బాగోలేదు, ఇంకోటి తీయమనండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. వారంటీ సాధారణంగా మెషిన్‌కే, తీగలకు, ప్యాడ్లకు ఉండదు, కాబట్టి ఒక జత తీగలు అదనంగా అదే రోజు కొనేయండి. ఆ మోడల్ పిన్ను ఏడాది తర్వాత అదే షాపులో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.